అడిగి తెచ్చుకున్న ఊరు

జిల్లా పేరు మెదక్. కలెక్టరాఫీసు సంగారెడ్డిలో. పని పడ్డది సిద్దిపేట మనిషికి. 2016 దసరా దాకా ఈ లెక్క ఇలాగే నడిచింది. తెల్లవారుజామున బస్సెక్కి, హైదరాబాదులో దిగి, ఇంకో బస్సు మారి సంగారెడ్డి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. సారు భోజనానికి వెళ్లాడంటే ఆ రోజుకు ఇక అంతే. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న జిల్లా కేంద్రం తమది కాదని సిద్దిపేట జనం ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. ధర్నాలు చేశారు, వినతిపత్రాలిచ్చారు, ఎన్నికలొచ్చినప్పుడల్లా గుర్తుచేశారు. 2016 అక్టోబరు 11న, విజయదశమి రోజున, సిద్దిపేట జిల్లా అయింది. మెదక్ నుంచి కొన్ని మండలాలు, కరీంనగర్ నుంచి హుస్నాబాద్ వైపువి, వరంగల్ నుంచి చేర్యాల వైపువి కలిపి గీత గీశారు.

ఈ ఊరి కథంతా ఇదే వరస. చెప్పుకోవడానికి జీవనది లేదు, గని లేదు, 2023 దాకా రైలు కూత లేదు. తాగునీళ్లు, జిల్లా, రైలు, ఆఖరికి రాష్ట్రం కూడా అడిగి, కొట్లాడి తెచ్చుకున్నవే. గట్టిగా అడగలేని వాళ్లు కూడా ఇదే గడ్డ మీద ఉన్నారు. వాళ్ల సంగతి కూడా చూడకపోతే సిద్దిపేటను సగమే చూసినట్టు.

హైదరాబాదు వాళ్లకు సిద్దిపేట అంటే రాజీవ్ రహదారి మీద ఒక బోర్డు. జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కితే శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి, దుద్దెడ దాటాక వస్తుంది. రెండు గంటల పైన ప్రయాణం, వంద కిలోమీటర్లు. చాలామంది కిటికీలోంచి చూసి ముందుకు పోతారు. కాస్త దిగి చూడమని చెప్పడానికే ఈ కథనం.

ఉప ఎన్నికల గడ్డ

1970, 2001, 2004, 2008, 2010. సిద్దిపేట అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నికలు జరిగిన సంవత్సరాలివి. ఐదేళ్లకోసారి వేలికి సిరా పూయించుకోవడం మిగతా ఊళ్ల అలవాటు. ఇక్కడ మధ్యలో కూడా పూయించుకుంటారు. వీటిలో ఎక్కువ భాగం ‘తెలంగాణ కావాలా వద్దా’ అని ఊరిని అడిగిన ఎన్నికలే.

మొదటిది 1969 ఉద్యమం వేడి చల్లారక ముందే వచ్చింది. తెలంగాణ ప్రజా సమితికి తొలి అధ్యక్షుడిగా పనిచేసిన న్యాయవాది అనంతుల మదన్‌మోహన్ 1970లో ఇక్కడి నుంచి గెలిచారు. తర్వాత కాంగ్రెస్‌లో చేరి 1985 దాకా ఈ సీటు వదల్లేదు. ఆయన నీడలోనే యువజన కాంగ్రెస్‌లో తిరిగిన ఒక చింతమడక కుర్రవాడు, ఎన్టీఆర్ పార్టీ పెట్టగానే అటు దూకి, 1983లో ఆయన మీదే నిలబడి, కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. రెండేళ్లకు మళ్లీ నిలబడి గెలిచాడు. కల్వకుంట్ల చంద్రశేఖరరావు (కేసీఆర్) అసెంబ్లీలో అడుగుపెట్టింది అలా. చింతమడక సిద్దిపేట పక్క పల్లే. ఆయన అక్కడ 1954 ఫిబ్రవరి 17న పుట్టారు.

2001లో కేసీఆర్ డిప్యూటీ స్పీకర్ పదవి, ఎమ్మెల్యే పదవి, తెలుగుదేశం సభ్యత్వం మూడూ వదిలేసి, ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పెట్టినప్పుడు రాష్ట్రమంతా సిద్దిపేట వైపే చూసింది. కొత్త పార్టీ, కొత్త గుర్తు, పాత మనిషి. సిద్దిపేట గెలిపించింది. అక్కడ ఓడి ఉంటే ఆ పార్టీ కథ ఆ ఏడాదే ముగిసేదని పాత్రికేయులు ఇప్పటికీ అంటుంటారు; నాకూ అంతే అనిపిస్తుంది. 2004లో ఆయన కరీంనగర్ ఎంపీగా వెళ్లడంతో ఖాళీ అయిన సీటులో మేనల్లుడు తన్నీరు హరీశ్‌రావు వచ్చారు. రాజీనామాలు ఉద్యమంలో ఆయుధమైన రోజుల్లో 2008లోనూ 2010లోనూ ఆయన్ని మళ్లీ మళ్లీ గెలిపించింది ఈ ఊరు. 2023 దాకా ఒక్కసారి కూడా ఓడించలేదు.

2009 నవంబరు 29 సంగతి తెలంగాణలో పెద్దవాళ్లెవర్ని అడిగినా చెబుతారు. సిద్దిపేట శివారు రంగధాంపల్లిలో ఆమరణ దీక్షకు పందిరి సిద్ధమైంది. కేసీఆర్ కరీంనగర్ నుంచి బయలుదేరారు. అలుగునూరు దగ్గరే పోలీసులు ఆపి ఖమ్మం తీసుకెళ్లారు. దీక్ష అక్కడ మొదలైంది, హైదరాబాదు నిమ్స్‌లో సాగింది, డిసెంబరు 9 అర్ధరాత్రి ఢిల్లీ ప్రకటనతో ఆగింది. పందిరి వేసిన ఊరికి దీక్ష రాలేదు కానీ ఆ పేరు మాత్రం రంగధాంపల్లికి మిగిలింది.

రాజకీయం ఈ ప్రాంతానికి కొత్తగా అబ్బింది కాదు. ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉన్న బైరాన్‌పల్లికి వెళితే ఊరి మధ్య ఒక బురుజు కనిపిస్తుంది. రజాకార్ల దాడుల్ని ఆ ఊరి జనం ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. బురుజు మీద కాపలా, నగారా మోగితే ఊరంతా సిద్ధం. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం బలగాలు ఫిరంగులతో వచ్చాయి. బురుజు కూలింది; పదుల కొద్దీ మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చేశారు. మూడు వారాలకే నిజాం లొంగిపోయాడు. హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు దళం నేలకొరిగింది కూడా అదే ఏడాది మార్చి 14న. పర్యాటక పటాల్లో ఈ రెండు చోట్లకూ దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు. బైరాన్‌పల్లికి పోయే దారిలో మీకు పెద్ద బోర్డులేమీ కనపడవు; ఊళ్లో ఎవర్ని అడిగినా చూపిస్తారు.

ఎత్తుకు ఎక్కిన నీళ్లు

సిద్దిపేట నేల ఎత్తు మీద ఉంది. గోదావరి ఎక్కడో దిగువన, మంజీర ఎక్కడో పడమర. మధ్యలో కూడవెల్లి వాగు, మోయతుమ్మెద వాగు లాంటివి వానాకాలం పారి వేసవికి ఇసుక చూపిస్తాయి. అందుకే ఈ చుట్టుపక్కల రైతు జీవితంలో పెళ్లి తర్వాత పెద్ద ఖర్చు బోరు. ఒకటి ఎండితే ఇంకోటి, అదీ ఎండితే ఇంకోటి.

తాగునీటి గోస మొదట తీరింది. 1990ల్లో కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్ నుంచి సిద్దిపేటకూ చుట్టుపక్కల పల్లెలకూ పైపులైను వేయించారు. నీళ్లను ముందు ఎత్తయిన గుట్ట మీదికి చేర్చి, అక్కణ్నుంచి వాటంతటవే కిందికి పారేలా చేయడం ఆ పథకంలోని కిటుకు. రాష్ట్రం వచ్చాక మిషన్ భగీరథకు నమూనా ఇదే. దాన్ని 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ ప్రారంభించింది కూడా ఈ జిల్లాలోనే, గజ్వేల్ పక్కన కోమటిబండలో.

సాగునీరు మాత్రం ఇంకా పెద్ద కథ. కాళేశ్వరం ఎత్తిపోతలలో మేడిగడ్డ దగ్గర గోదావరి నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లు. ఆ నీళ్లు చేరాల్సిన అన్నిటికంటే ఎత్తయిన చెరువు, మర్కూక్ దగ్గరి కొండపోచమ్మ సాగర్, 618 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో మెట్టు మెట్టుకూ పంపుహౌసులు, సొరంగాలు, జలాశయాలు. చంద్లాపూర్ దగ్గరి రంగనాయక సాగర్ 3 టీఎంసీలు, కొండపోచమ్మ సాగర్ 15 టీఎంసీలు, తొగుట మండలంలోని మల్లన్న సాగర్ 50 టీఎంసీలు. మొదటి రెండూ 2020 ఏప్రిల్, మే నెలల్లో, లాక్‌డౌన్ రోజుల్లో తొలిసారి నీళ్లందుకున్నాయి. మూడోది 2022 ఫిబ్రవరి 23న మొదలైంది.

చూడటానికైతే రంగనాయక సాగర్‌కే వెళ్లండి. సిద్దిపేట నుంచి దగ్గర, నీళ్ల నడుమ ఒక గుట్ట, దాని మీద అతిథి గృహం, కట్ట మీద చల్లగాలి. సాయంత్రం నాలుగయ్యేసరికి సిద్దిపేట కుర్రకారంతా బైకుల మీద అక్కడే. పదేళ్ల కిందట ఈ చోట నిలబడి ఇక్కడ ఇన్ని నీళ్లుంటాయంటే ఎవరూ నమ్మేవారు కాదు.

మల్లన్న సాగర్ కట్ట మీద నిలబడితే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నీటి కింద వేములఘాట్ ఉంది. పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, రాంపూర్, లక్ష్మాపూర్ ఉన్నాయి. భూసేకరణ చట్టం 2013 ప్రకారం పరిహారం కావాలని వేములఘాట్ జనం 2016లో రిలే దీక్షలకు కూచుని వందల రోజులు లేవలేదు. అడగడంలో సిద్దిపేటకు తక్కువేమీ కాని ఊరది. ఫలితం మాత్రం వేరు. ఇవాళ వాళ్లలో చాలామంది గజ్వేల్ పక్కన కట్టిన పునరావాస కాలనీలో ఉంటున్నారు. వరస ఇళ్లు, సిమెంటు రోడ్లు. పొలం మాత్రం లేదు. పొలానికి వెళ్లే మనిషి పొద్దున లేచి ఎటు వెళ్లాలన్నది ఏ ప్యాకేజీలోనూ రాయలేదు.

2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాయి. దాని మీద రాజకీయం ఇంకా ఆగలేదు. ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసిన నీళ్లతో ఇక్కడి జలాశయాలు ఆ తర్వాతా నిండాయని ఒకరు, ఖర్చుకు తగ్గ ఫలం లేదని ఇంకొకరు. ఈ కొట్లాట తేలేది కోర్టుల్లో, కమిషన్లలో. సిద్దిపేట మండలాల్లో వరి విస్తీర్ణం పెరిగిందన్నది, వేములఘాట్ లేదన్నది కళ్ల ముందు కనపడే సంగతులు. రెండూ ఒకే లెక్కలో రాయాలి.

కోమటి చెరువు మీద దీపాలు

ఊళ్లోకి వద్దాం. ఎవర్ని అడిగినా ముందు చెప్పేది కోమటి చెరువు. ఒకప్పుడు ఊరి పక్క మామూలు చెరువు, ఇప్పుడు హైదరాబాదు ట్యాంక్‌బండ్‌కు చిన్న చెల్లెలు. చుట్టూ నెక్లెస్ రోడ్డు, నీళ్ల మీద వేలాడే వంతెన, బోట్లు, చీకటి పడగానే రంగురంగుల దీపాల తోట, పిల్లల కోసం కదిలే డైనోసార్లు. ఆదివారం సాయంత్రం ఇక్కడ నిలబడటానికి చోటు దొరకదు. మిర్చిబజ్జీల బండ్ల దగ్గర కూడా వరసే.

నాకు నచ్చింది మాత్రం చెరువు కట్ట కాదు, ఊరి వీధులు. సిద్దిపేట మున్సిపాలిటీ స్వచ్ఛత అవార్డులు చాలానే గెలుచుకుంది. అవార్డులు చాలా ఊళ్లకు వస్తాయి. ఇక్కడ పద్ధతి కూడా కనిపిస్తుంది. తడిచెత్త, పొడిచెత్త వేరుగా ఇవ్వకపోతే బండి తీసుకోదు. బుస్సాపూర్‌లో చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు పెట్టారు. అన్నిటికంటే తెలివైన పని స్టీల్ బ్యాంకు. ఇంట్లో పెళ్లో, పేరంటమో, పుట్టినరోజో ఉంటే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు కొననక్కర్లేదు. వార్డులోని స్టీల్ బ్యాంకులో కంచాలు, గ్లాసులు, గిన్నెలు తీసుకుని, కడిగి తిరిగి ఇచ్చేస్తే చాలు. పూర్వం ఊళ్లల్లో దేవుడి గుడి గంగాళాలు, కులపోళ్ల బోకెలు ఇలాగే వాడుకునేవారు. ఆ అలవాటును మున్సిపాలిటీ మళ్లీ బతికించింది. ఆడపిల్లలకు ప్యాడ్ల బదులు కప్పులు అలవాటు చేయడానికి ‘రుతుప్రేమ’ అనే కార్యక్రమం కూడా నడిపారు. ఇలాంటి సంగతిని చిన్న పట్టణంలో బహిరంగంగా మాట్లాడటమే గొప్ప.

ఇంతా చేసి ఒక చిన్న ఫిర్యాదు. రబ్బరు డైనోసార్‌ను చూడటానికి టికెట్ కొని క్యూలో నిలబడే మనం, నిజంగా ప్రాచీనమైనవి ఊరి చుట్టే ఉన్నా పట్టించుకోం. పుల్లూరు, నంగునూరు మండలంలోని నర్మెట, పాలమాకుల ప్రాంతాల్లో రాక్షస గుళ్లు ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన సమాధులు. 2017లో పురావస్తు శాఖ పుల్లూరులో, నర్మెటలో తవ్వింది. నర్మెట సమాధి పైకప్పు బండ ఒక్కటే నలభై టన్నులకు పైగా బరువు. క్రేన్లు తెచ్చి దాన్ని ఎత్తించాల్సి వచ్చింది. యంత్రాల్లేని రోజుల్లో దాన్ని అక్కడికి ఎలా తెచ్చి కప్పారో ఊహించుకోవాల్సిందే. బయటపడ్డ ఎముకల నమూనాలను డీఎన్‌ఏ పరీక్షల కోసం హైదరాబాదు సీసీఎంబీకి పంపారు. నర్మెట పొలాల్లో ఆ రాళ్ల మధ్య తిరుగుతూ పిల్లలకు ఈ కథ చెబితే డైనోసార్ల మాటెత్తరు.

పట్నం వారం, లష్కర్ వారం

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా ఆగదు. దాదాపు మూడు నెలలు, ప్రతి ఆదివారం. సంక్రాంతి తర్వాతి మొదటి ఆదివారానికి పట్నం వారమని పేరు, హైదరాబాదు వాళ్లది. దాని తర్వాత లష్కర్ వారం, సికింద్రాబాదు వాళ్లది. జంట నగరాల యాదవులు, కురుమలు ముందురోజే డీసీఎంల మీద, ఆటోల మీద, కాలినడకన చేరుకుంటారు. ‘మల్లన్న దగ్గరికి పోతున్నం’ అంటే చాలు, ఎక్కడికని ఇంకెవరూ అడగరు.

గుడి గుట్ట చరియలో ఉంది. లోపల మల్లన్న విగ్రహం పుట్టమన్నుతో చేసింది. పక్కన ఇద్దరు భార్యలు: బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. రెండు కులాల ఆడబిడ్డల్ని చేసుకున్న దేవుడు కాబట్టి రెండు వైపుల నుంచీ మర్యాదలు అందుకుంటాడు. ఇక్కడ పూజ చేయడానికి ఒగ్గు పూజారులుంటారు. భక్తుడు పట్నం వేయించుకుంటాడు: పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి లాంటి ఐదు రంగులతో నేల మీద పెద్ద ముగ్గు. ఒగ్గు వాయిస్తూ, మల్లన్న పెళ్లి కథ పాడుతూ దాన్ని వేస్తారు. కథ అయ్యాక ఆ రంగుల్లోంచి చిటికెడు తీసి నుదుటికి పెట్టుకుని ఇంటికి తీసుకెళతారు. మహాశివరాత్రి రాత్రి లింగోద్భవ వేళ పెద్దపట్నం వేస్తారు. ఆ రాత్రి వేలమంది దాన్ని తొక్కి దాటుతారు. ఉగాదికి ముందరి ఆదివారం అగ్నిగుండాలు.

కొమురవెల్లికి పోయేవాళ్లకు ఒక హెచ్చరిక: తెల్లచొక్కా వేసుకెళ్లకండి. బండారి, అంటే పసుపు, మనుషుల మీద, గోడల మీద, మెట్ల మీద, గాలిలో కూడా ఉంటుంది. వచ్చేటప్పుడు మీరు కూడా అదే రంగులో వస్తారు. ఆయన చెల్లెలు కొండపోచమ్మ గుడి కూడా ఈ జిల్లాలోనే. మల్లన్నను చూసినవాళ్లు చెల్లెల్ని చూడకుండా పోరు. నీటి ప్రాజెక్టులకు మల్లన్న సాగర్, కొండపోచమ్మ సాగర్ అని పేర్లు పెట్టడం వెనక ఈ అన్నాచెల్లెళ్లే ఉన్నారు.

వర్గల్ గుట్ట మీది విద్యాసరస్వతి గుడి, నాచారం గుట్ట నరసింహస్వామి గజ్వేల్ వైపు వెళ్లేవాళ్లకు దారిలోనే. వర్గల్‌లో అక్షరాభ్యాసాలకు వసంతపంచమి నాడు ఎంత రద్దీ ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఊళ్లో అయితే మోహినీపురా వెంకటేశ్వరస్వామి, కోటిలింగాల గుడి చూడొచ్చు. వీటి గురించి ఇంకా రాయడం మానేసి చేర్యాల పోదాం.

గుడ్డ మీది పురాణం

సిద్దిపేట నుంచి జనగామ వెళ్లే దారిలో వస్తుంది చేర్యాల. నకాశీ బొమ్మల ఊరు. తెలంగాణలో ఒక్కో కులానికి ఒక్కో కులపురాణం, దాన్ని పాడి వినిపించే ఆశ్రిత కులం ఒకటి. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడజెట్టి వాళ్లు గౌడులకు గౌడపురాణం, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబపురాణం. వీళ్లు ఊరూరా తిరిగి కథ చెప్పేటప్పుడు వెనక వేలాడదీసే పటం రాసేది నకాశీలు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పైన పొడవు. కథ సాగినకొద్దీ ఒక్కో అర విప్పుకుంటూ పోతారు. సినిమా రీలు రాకముందు ఈ ఊళ్లలో తెర ఇదే.

తయారీ దగ్గరుండి చూడాల్సిందే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, తుమ్మబంక కలిపిన పూత మూడుసార్లు పూస్తారు. ప్రతి పూతా పూర్తిగా ఎండాకే తర్వాతిది. ఎండిన గుడ్డ అట్టలా గట్టిపడుతుంది. దానిమీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీతలు. వెనక నిండా ఎరుపు. బొమ్మలకు పసుపు, నీలం, తెలుపు, దీపపు మసి నలుపు. కళ్లు పెద్దవి, ముక్కు సూటిగా, నగలు లెక్కపెట్టి వేసినట్టు. మొహాల బొమ్మలు చేసేటప్పుడు కొబ్బరిచిప్ప మీద చింతగింజల ముద్ద, రంపపుపొట్టు కలిపి మెత్తుతారు.

దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ధనాలకోట కుటుంబానికి జాతీయ అవార్డులు వచ్చాయి. పటం కొనే కథకులే తగ్గిపోయారు. కాబట్టి ఇవాళ నకాశీ పటం కీచైన్లుగా, ఇంటి నేమ్‌బోర్డులుగా, డ్రాయింగ్‌రూమ్ గోడకు సరిపోయే చిన్న చట్రాలుగా బతుకుతోంది. ఇదొక బతుకే. కానీ నలభై అడుగుల కథను గుక్క తిప్పుకోకుండా గీయగల చేతులు చేర్యాలలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

నకాశీ గీతను నగరాల గ్యాలరీల దాకా తీసుకెళ్లిన సిద్దిపేట మనిషి కాపు రాజయ్య (1925–2012). డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ ఇక్కడే లలితకళా సమితి పెట్టి, బోనాలు, బతుకమ్మలు, పొలం పనులు ఆ బొమ్మల రంగుల్లోనే గీశాడు. పేరొచ్చాక కూడా సిద్దిపేట వదలలేదు. కవిత్వంలో వేముగంటి నరసింహాచార్యులు, తర్వాతి తరంలో నందిని సిధారెడ్డి. సిధారెడ్డి ఇక్కడి డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతూ మంజీరా రచయితల సంఘం నడిపి, 2017లో తెలంగాణ సాహిత్య అకాడమీ తొలి అధ్యక్షుడయ్యారు. ఉద్యమానికి పాటలు రాసిన చాలా గొంతులు ఆ సంఘం మీటింగుల్లో మొదట విప్పుకున్నవే.

రైలు వచ్చింది, గొల్లభామ వెళ్లాలి

కోమటిబండలో మిషన్ భగీరథను ప్రారంభించిన రోజే మనోహరాబాద్–కొత్తపల్లి రైలు మార్గానికి కూడా పునాది వేశారు. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు మొదటి రైలు కదిలింది. దాదాపు ఏడేళ్ల రెండు నెలలు. తాతల కాలం నుంచి అడుగుతున్న రైలు కాబట్టి ఆ రోజు స్టేషన్లో ఫొటోలు తీసుకోనివాళ్లు లేరు. ఈ లైను సిరిసిల్ల, వేములవాడల మీదుగా కరీంనగర్ పక్కన కొత్తపల్లి దాకా పోవాలి.

రైలెక్కి ఇక్కడికి వచ్చేవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు చేతిలో ఏం పట్టుకెళ్లాలని అడిగితే నా జవాబు ఒకటే: గొల్లభామ చీర. తలమీద పాలకుండ పెట్టుకుని, గాగరా వేసుకుని నడిచే గొల్లపడుచు బొమ్మ చీర అంచు మీదో, కొంగు మీదో వరసగా ఉంటుంది. అద్దింది కాదు, కుట్టింది కాదు. మగ్గం మీద నేసేటప్పుడే పుడుతుంది. మగ్గానికి పైన జాల కడతారు: బొమ్మలోని ఒక్కో వరసకు ఏ పడుగు పోగులు లేవాలో ఆ దారాల్లో ముడివేసి ఉంటుంది. నేతగాడు ఒక వరస దారాలు లాగుతాడు, లేచిన పోగుల కింద రంగు నూలు చేత్తో దూరుస్తాడు, తర్వాత మామూలు పేక ఒకటి కొట్టి బిగిస్తాడు. మళ్లీ ఇంకో వరస. కుండ అంచు దాకా వచ్చేసరికి ఎన్ని పేకలు పడ్డాయో లెక్క ఎవరికీ ఉండదు. పెద్ద బొమ్మ ఉన్న చీరకు రోజులు పడతాయి.

ఇది కూడా భౌగోళిక గుర్తింపు పొందిన పనే. గుర్తింపు పత్రం కూలి పెంచదు. పద్మశాలీ ఇళ్లలో ఈ జాల కట్టడం తెలిసినవాళ్లు పెద్దవాళ్లే. కొడుకులు హైదరాబాదులోనో, సూరత్‌లోనో, ఇంకేదో పనిలోనో ఉన్నారు. ఉప ఎన్నికలు తెచ్చిన ఊరు, జిల్లా తెచ్చిన ఊరు, రైలు తెచ్చిన ఊరు, తన మగ్గాల కోసం అంత గట్టిగా ఎప్పుడైనా గొంతెత్తిందా అంటే నాకు అనుమానమే. నేతపని వాళ్లు ఊరేగింపు తీయడానికి ఒక రోజు పని మానుకోలేరు కూడా.

కొనేవాళ్లకు ఒక మాట. బజార్లో గొల్లభామ బొమ్మ ప్రింటు వేసిన చీరలు, పవర్‌లూమ్ నకళ్లు దొరుకుతాయి, సగం ధరకే. చేతి నేతను చేనేత సహకార సంఘాల దుకాణాల్లో అడిగి కొనడం మేలు. కొనేముందు చీరను తిరగేసి చూపించమనండి. ప్రింటైతే వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది. నేత అయితే బొమ్మ దారాలు వెనక కూడా కనపడతాయి, గోటితో తాకితే పోగు తగులుతుంది. ధర ఎక్కువనిపిస్తే, దానికి ఎన్ని రోజులు పట్టిందో అడిగి ఆ రోజులతో భాగించి చూడండి. బేరం ఆడాలన్న ఆలోచన తగ్గుతుంది.